పాత కారులో పాత తారు: పీకాలా, ఉంచాలా?

పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలంటే ఒకప్పుడు 600 రూపాయల ఫీజు సరిపోయేది. 2022 ఏప్రిల్ 1 నుంచి అది 5,000 అయింది. ఇరవయ్యేళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. అయినా పల్నాడులోని నరసరావుపేట, గురజాల, మాచర్ల వీధుల్లో మారుతి 800లు, ఓమ్నీలు, సుమోలు, క్వాలిస్‌లు తిరుగుతూనే ఉన్నాయి. ఎవరింటి ముందో పట్టా కప్పిన అంబాసిడరూ కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలంటే బండిని ఫిట్‌నెస్‌కు నిలబెట్టాలి కాబట్టి చాలామంది ఆ అదనులోనే టింకరింగ్‌కు ఇస్తారు. సీట్లు ఊడదీస్తారు, మ్యాటింగ్ లేపుతారు. కింద రేకును కరుచుకున్న నల్లటి అట్టలు బయటపడతాయి. కొన్నిచోట్ల బీటలు వారి, కొన్నిచోట్ల అంచులు లేచి, ఓ మూల తడిసి కంపు కొడుతుంటాయి. వీటిని ఏం చేయాలన్న ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

ఎవరిని అడిగితే వాళ్లు తమ చేతిలోని పనిముట్టును బట్టే జవాబు చెబుతారు. టింకరింగ్ మేస్త్రి “మొత్తం గీకేద్దాం సార్, కింద తుప్పు ఎంతుందో చూడాలిగా” అంటాడు. సీటు కవర్లు, మ్యాట్లు అమ్మే షాపాయన “దాన్ని కదపమాకండి, దాని మీదే కొత్త డ్యాంపింగ్ షీటు పరిచేద్దాం, బెంజి కారులో కూర్చున్నట్టుంటది” అంటాడు. ఇంజిన్ మెకానిక్‌కు ఈ రెండూ దండగే. మౌంటింగులు, బుష్‌లు, డోర్ బీడింగులు మార్చుకోమంటాడు. ఈ మూడు మాటల్నీ తూచి చూస్తే మెకానిక్ వైపే మొగ్గాలనిపిస్తుంది. మేస్త్రి మాట ఒకే ఒక్క సందర్భంలో నూటికి నూరుపాళ్లు నిజం. షాపాయన చెప్పేదాంట్లో పావు వంతు పనికొస్తుంది. ఆ పావు ఏదో తెలుసుకుంటే మిగతా ముప్పావు డబ్బు జేబులోనే ఉంటుంది.

ముందు కంపెనీవాళ్లు ఏం పెట్టి పంపారో చూడాలి. నేలరేకు మీది నల్ల అట్ట తారు, రాతిపొడి కలిపి చేసిన పలక. రంగు వేసిన బాడీని ఓవెన్‌లోకి పంపేటప్పుడే దీన్ని రేకు మీద పరుస్తారు. ఆ వేడికి మెత్తబడి రేకు వంపుల్లోకి ఒదుగుతుంది, చల్లారాక గట్టిగా పట్టేస్తుంది. దాని మీద ఫెల్ట్ ఉంటుంది. జనపనారనో పాత బట్టల పీచునో అదిమి చేసిన మందపాటి పొర అది. ఆపైన కార్పెట్టో రబ్బరు మ్యాటో. ఇంజిన్‌కూ మన కాళ్లకూ మధ్య ఉండే ఫైర్‌వాల్ మీద రబ్బరులాంటి బరువైన పొర, దాని వెనక ఫెల్టో ఫోమో. బోనెట్ కింద ఇంకో ఫెల్ట్. తలుపు రేకు లోపల అరచేయంత ముక్క ఒకటి, చౌక కార్లలో అదీ అనుమానమే. ఇప్పటి ఫ్యాక్టరీలు కొన్ని తారు పలకల బదులు రోబోలతో ద్రవపు పూత చల్లిస్తున్నాయి. ఆ కార్లకు ఈ చర్చ రావడానికి ఇంకా పదిహేనేళ్లు పడుతుంది.

ఈ పొరలన్నీ మోతను ఆపడానికే అని ఒకే గాటన కట్టేయడం వల్ల సగం డబ్బు వృథా అవుతోంది. తారు పలక శబ్దాన్ని అడ్డుకోవడానికి పెట్టింది కాదు, రేకు మోగకుండా చేయడానికి పెట్టింది. మోగుతున్న కంచాన్ని వేలితో ముట్టుకుంటే చప్పున ఆగిపోతుంది చూడండి, పలక చేసేదీ అదే. శబ్దాన్ని అడ్డుకునేది ఫైర్‌వాల్ మీది బరువైన పొర. లోపలికి వచ్చేసిన సన్నటి రొదను పీల్చేది ఫెల్ట్. ఒకదాని పని ఇంకోటి చేయదు. టైరు హోరు తగ్గాలని తలుపులకు ఫోమ్ అంటించినా, ఇంజిన్ రొద తగ్గాలని డిక్కీలో తారు షీటు పరిచినా డబ్బులు పోవడం తప్ప మార్పు కనిపించకపోవడానికి కారణం ఇదే.

ఈ శాస్త్రం ఏమీ కొత్తది కాదు. పల్చటి రేకుకు జిగట పూత గట్టిగా అంటిస్తే దాని కంపనం ఎంత అణుగుతుందో జర్మనీలో హెర్మన్ ఓబెర్స్ట్ 1952లో లెక్కగట్టి చూపించాడు. కంపెనీ తారు పలక ఆయన లెక్కలోదే. 1959లో అమెరికాలో ఎడ్వర్డ్ కెర్విన్ ఇంకో మెట్టు ఎక్కాడు. ఆ జిగట పొర మీద మరో పల్చటి గట్టి పొర పరిస్తే, కింది రేకు వంగినప్పుడల్లా మధ్యలోది రెండింటి నడుమా నలిగి, కంపన శక్తి వేడిగా మారిపోతుంది. అంతే బరువుకు ఫలితం ఎక్కువ. ఇవాళ షాపుల్లో దొరికే అల్యూమినియం రేకు అంటించిన బ్యూటైల్ రబ్బరు షీటు ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. కాబట్టి షాపాయన చేతిలోని సరుకు కంపెనీ పెట్టినదానికన్నా మేలైనదే. ఎంత వేయాలి, ఎక్కడ వేయాలి అన్నదగ్గరే ఆయనకూ నాకూ పేచీ. ఒక రేకు మోగకుండా ఉండాలంటే దాన్ని అంచు నుంచి అంచు దాకా కప్పనక్కర్లేదు. ఎక్కువగా కదిలే నడిమి భాగంలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా అంటిస్తే రావాల్సిన లాభంలో అధికభాగం వచ్చేస్తుంది. ఆ తర్వాత పరిచే ప్రతి అడుగుకూ బిల్లు పెరిగినంతగా నిశ్శబ్దం పెరగదు.

మరి పాత తారు పలక అరిగిపోతుందా? ఇరవై, ముప్పై ఏళ్ల వేడికి అందులోని నూనె గుణం ఆరిపోయి పెళుసుబారుతుంది, బీటలు వారుతుంది. బీటలు చూసి భయపడాల్సిన పని లేదు. పలక రేకును పట్టుకుని ఉందా లేదా అన్నదొక్కటే చూడాలి. వేలి కణుపుతో కొట్టండి. ‘డబ్’ మని మొద్దుగా పలికితే అది ఇంకా పనిచేస్తోంది. ‘టంగ్’ మని సాగితే, బోలుగా వినిపిస్తే అక్కడ వదిలేసింది. రేకును కరుచుకున్న పలక కింద ఇంకో విషయం ఉంది. కారు మొత్తంలో ఎండా వానా దుమ్మూ తగలకుండా కొత్తలో ఉన్నట్టే మిగిలిన కంపెనీ పెయింటు అదొక్కటే. ఉలీ సుత్తీ పట్టుకుని దాన్ని గీకడమంటే లేని తుప్పును పిలిచి పీట వేయడమే. మేస్త్రి ఎంత పనిమంతుడైనా ఉలి పెయింటును గీరకుండా పోదు. గీరిన ప్రతిచోటా ప్రైమర్ పడాలి, ఆ ప్రైమర్ ఓవెన్‌లో కాల్చిన కంపెనీ పూతకు సాటి రాదు.

విదేశాల్లో పాత కార్లను పునరుద్ధరించేవాళ్లు దీనికి డ్రై ఐస్ వాడతారు. మైనస్ 78 డిగ్రీల చలికి తారు గాజులా పెళుసై, సుత్తితో మెల్లగా తడితే పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. పల్నాడులో అది సంపాదించేసరికి దారిలోనే సగం ఆవిరైపోతుంది. ఇక్కడ హీట్‌గన్, వెడల్పు పుట్టీ బ్లేడే దిక్కు. పెట్రోలు పోసి తారు కరిగించే పద్ధతి కొన్నిచోట్ల ఉంది, దాన్ని మాత్రం గట్టిగా ఆపండి. మూసి ఉన్న బండిలో పెట్రోలు ఆవిరి, పక్కనే వెల్డింగ్ సెట్టు ఉంటే ఏమవుతుందో వేరే చెప్పాలా. తారు పలకలు ఉన్నచోట కింది వైపు నుంచి వెల్డింగ్ చేసినా అవి అంటుకుంటాయి. అందుకే తుప్పు ఉన్నచోట వెల్డింగ్ ముందు, షీట్లు తర్వాత. ఇంకో మాట: బాగా పాత బండ్ల అండర్‌కోటింగుల్లో కొన్నిటికి ఆస్బెస్టాస్ నార కలిపేవారు. ముప్పై, నలభై ఏళ్ల బండి అయితే పొడిగా గీకి దుమ్ము లేపకండి. తడిపి తీయండి, మూతికి మంచి మాస్కు కట్టుకోండి.

ఇక మేస్త్రి మాట నిజమయ్యే సందర్భం. అది నీరు.

పల్నాడు గాలిలో సముద్రపు ఉప్పు లేదు. బాపట్ల, మచిలీపట్నం వైపు తిరిగిన బండితో పోలిస్తే ఇక్కడి బండి రేకు ఎక్కువ కాలం నిలుస్తుంది. దాంతో తుప్పు మన బాధ కాదనుకుంటారు. కానీ ఇక్కడ రేకును తినేది లోపల చేరి నిలిచిపోయే నీరు. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, మాచర్లలో 1958 నుంచి ఉన్న ఫ్యాక్టరీ, నాపరాయి క్వారీలు, ఆ సరుకంతా మోసుకుంటూ నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద బారులు తీరే లారీలు. ఈ దారుల్లో రోజూ తిరిగే కారు తలుపుల్లోకి, వైపర్ల కింది జాలిలోకి తెల్ల దుమ్ము చేరుతూనే ఉంటుంది. సున్నపు దుమ్ముది క్షారగుణం, అది తానుగా ఇనుమును తినదు. అయితే తలుపు అడుగున నీరు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. దుమ్ము అక్కడ పేరుకుని, తొలకరికి ముద్దయి, మళ్లీ ఎండకు గట్టిపడి ఆ రంధ్రాలను మూసేస్తుంది. ఆ తర్వాత అద్దం పక్కనుంచి దిగిన ప్రతి చుక్కా తలుపులోనే ఉండిపోతుంది. బండిని వేపచెట్టు కింద నిలిపే అలవాటుంటే వైపర్ల కింది జాలిలో ఆకు కుళ్లి ఇదే పని చేస్తుంది, ఆ నీరు ఫైర్‌వాల్ గుండా కాళ్ల దగ్గరికి దిగుతుంది.

అంతకన్నా మోసకారిది ఏసీ నీరు. మన ఎండలకు ఏసీ ఏడాదిలో ఎక్కువ నెలలు ఆడుతూనే ఉంటుంది. ఏసీ పెట్టెలో చేరిన తడి బయటికి పోయే సన్న గొట్టం దుమ్ముతో పూడుకుపోతే, ఆ నీరు డ్రైవరు పక్క సీటులో కూర్చున్నవారి కాళ్ల కింద ఫెల్ట్‌లోకి ఇంకుతుంది. పైన రబ్బరు మ్యాట్ పొడిగానే కనిపిస్తుంది. కింద ఫెల్ట్ నెలల తరబడి తడిగా ఉంటుంది. నడి ఎండాకాలంలో కారులో బూజు వాసన వస్తోందంటే ముందు చూడాల్సింది అక్కడే. గొట్టం శుభ్రం చేయడానికి పట్టేది ఐదు నిమిషాలు. అది చేయకుండా కొత్త షీట్లు పరిస్తే, తడిని రేకుకు శాశ్వతంగా అప్పగించినట్టే. దుకాణాల్లో చౌకగా దొరికే మామూలు స్పాంజిని నేల మీద పరిచినా గతి ఇంతే, అది నీటిని పీల్చి పట్టుకుంటుంది. నేల మీద వాడితే నీరు పట్టని మూసుకణాల (క్లోజ్డ్ సెల్) ఫోమే వాడాలి.

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బండి అయితే ఇంకో అనుమానం ఉండాలి. 2015 డిసెంబరులో చెన్నైని వరద ముంచింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు వీధుల్లో బండ్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచిపోయాయి. అలాంటి నీళ్లలో నానిన బండి మీ చేతికి వచ్చి ఉంటే ఈ వ్యాసంలో మిగతా తర్కమంతా పక్కన పెట్టండి. ఫెల్ట్ మొత్తం పారేయాల్సిందే. తారు పలకల అంచులు లేచినచోట తీయాల్సిందే. కనుక్కోవడం కష్టమేమీ కాదు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో బురద గీత ఉంటే బండి మునిగింది. సీటు పట్టాల బోల్టులకు తుప్పు, ఫెల్ట్ వెనక ఒండ్రు ఉంటే ఇక సాక్ష్యం అక్కర్లేదు.

తడి మామూలుదైతే అంత రాద్ధాంతం వద్దు. నీరు ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలి. తర్వాత ఫెల్ట్ తీసి ఎండేయాలి, ఆ విషయంలో రెంటచింతల ఎండను మించిన డ్రయ్యరు లేదు. బూజు పట్టి చివికిందంటే కొత్త ఫెల్ట్ వేయించండి. ఇది ఖరీదైన వస్తువేమీ కాదు. పాత కారులో నూటికి నూరు శాతం మార్చదగ్గ పొర ఏదైనా ఉందంటే ఇదే, విచిత్రంగా దీని గురించి ఎవరూ మాట్లాడరు. తారు పలక లేచినచోట ఆ ముక్కను మాత్రం, చుట్టూ రెండు మూడు అంగుళాలు కలిపి కోసి తీయాలి. తుప్పును మెరిసే లోహం దాకా గీకి, చిల్లు ఉంటే అతికి, ఎపాక్సీ ప్రైమర్, పైన రంగు, కీళ్లకు సీలెంట్ వేయాలి. అక్కడ బ్యూటైల్ ముక్క అంటించి రోలరుతో గట్టిగా రుద్దాలి. నేలరేకులోని రబ్బరు బిరడాలు తిరిగి బిగించారో లేదో మీరే వంగి చూసుకోండి. పని హడావిడిలో వాటిని మర్చిపోవడం మామూలే.

ఇప్పుడు మోత సంగతి. మారుతి 800లో 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 75 సార్లు పేలుతుంది. ఆ 75 హెర్ట్జ్ శబ్దపు తరంగం పొడవు నాలుగున్నర మీటర్లకు పైనే. కారు పొడవే 3.3 మీటర్లు. కారుకన్నా పొడవైన తరంగాన్ని అంగుళం ఫోమ్ ఆపుతుందంటే నమ్మకండి. ఆ గుయ్‌మనే మోత ఇంజిన్ మౌంటింగు రబ్బర్ల గుండా, సైలెన్సర్ హ్యాంగర్ల గుండా బాడీలోకి ఎక్కుతుంది. రబ్బరు గట్టిపడి, చీలిపోయి ఉంటే ఇంజిన్ నేరుగా బాడీని ఊపుతుంది. మౌంటింగులు మార్చిన రోజు తేడా స్టీరింగ్ పట్టుకున్న చేతికే తెలుస్తుంది. మెకానిక్‌కు నేను మార్కులు వేసింది అందుకే.

అద్దాల పక్కనుంచి వచ్చే గాలి ఈల, లారీ పక్కనుంచి పోతే చెవిలో పడే హోరు వేరే దారిలో వస్తాయి. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోదగింది. గోడలో నూటికి ఒక వంతు సందు ఉంటే, మిగతా తొంభై తొమ్మిది వంతుల్లో ఎంత మందం పెట్టినా మొత్తమ్మీద 20 డెసిబెల్స్‌కు మించి ఆగదు. పాత కారు తలుపు బీడింగు చపాతీ అయిపోయి ఉంటే ఆ ఒక వంతు సందు మీకు సిద్ధంగా ఉన్నట్టే. తలుపు మధ్యలో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే బీడింగు పోయింది, లేదా తలుపు కీలు కిందికి జారింది. గేరు లివర్ కింది బూటు చిరిగినా, ఫైర్‌వాల్‌లో వైర్లు దూరే చోట రబ్బరు పోయినా ఇంజిన్ మోత అటునుంచే ధారగా వస్తుంది. వీటికి అయ్యే ఖర్చు, ఒక తలుపుకు షీట్లు వేసే ఖర్చుకన్నా తక్కువ.

టైరు మోత మూడోది. నల్లరేగడి మీద వేసిన రోడ్లు వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో కుంగి అలలు తేలతాయి. కంకర పైకి తేలిన పాత తారురోడ్డు మీద టైరు గరగరమంటుంది. అయితే రోడ్డు బాగున్న చోట కూడా హోరు వస్తుంటే టైరే చూడాలి. గట్టిపడిన పాత టైరు, ఎగుడుదిగుడుగా అరిగిన టైరు, పోయిన వీల్ బేరింగు చేసే శబ్దాన్ని చాలామంది ‘సౌండ్ ప్రూఫింగ్ పోయింది’ అనుకుంటారు. టైరు మోతలో కొంత సస్పెన్షన్ బుష్‌ల గుండా ఎక్కుతుంది, కొంత వెనక చక్రాల మీది రేకు గుండా దూరుతుంది. బుష్‌లు కొత్తవి వేశాక కూడా మిగిలితే, అప్పుడు ఆ చక్రపు గిన్నెల మీద బ్యూటైల్ వేస్తే అర్థం ఉంది.

పల్నాడులో చాలామంది ఈ షీట్ల మాటెత్తేది మోతకన్నా వేడి కోసం. మే నెల వచ్చిందంటే రాష్ట్రంలో ఎండ ఎక్కువన్న వార్తల్లో రెంటచింతల పేరు తరచూ ఉంటుంది. అల్యూమినియం మెరుపు చూసి వేడి ఆగుతుందనుకోవడం సహజం. ఆ మెరుపు వేడిని వెనక్కి తిప్పాలంటే దాని ముందు గాలి సందు ఉండాలి. ఫెల్ట్ కింద, కార్పెట్ కింద అదిమేసిన రేకు దేన్నీ వెనక్కి తిప్పదు. పైగా బ్యూటైల్ పొర బరువైనది, పల్చటిది, వేడిని ఆపే గుణం దానికి పెద్దగా లేదు. వేడి ఆపేది లోపల గాలి బంధించి ఉంచే ఫెల్ట్, ఫోమ్. కప్పు రేకుకు కొద్దిగా బ్యూటైల్, దాని మీద పది మిల్లీమీటర్ల మూసుకణాల ఫోమ్ వేస్తే ఏసీ ఊపిరి పీల్చుకుంటుంది. నేల మీద అయితే సైలెన్సర్ గొట్టానికి పైన ఉండే వేడి రేకు ఊడిపోయిందేమో ముందు చూడండి. కాళ్లు కాలుతున్నాయన్న ఫిర్యాదుకు చాలాసార్లు అదే మూలం.

ఎండ వల్ల ఇంకో చిక్కుంది. రోడ్డుకు వాడే వీజీ-30 తారు 47 డిగ్రీల పైన మెత్తబడితే చాలని ప్రమాణం. మూసిన కారు కప్పు రేకు మే మధ్యాహ్నం ఆ వేడిని ఎప్పుడో దాటేస్తుంది. హార్డ్‌వేర్ షాపుల్లో స్లాబు లీకేజీకి అమ్మే వెండిరంగు టేపు చౌకగా వస్తుందని కారు కప్పుకూ తలుపులకూ అంటించేవాళ్లున్నారు. దానిలో తారు రకం ఉంటుంది, బ్యూటైల్ రకం ఉంటుంది. తారుదైతే నిలువుగా ఉన్న రేకు మీద ఎండకు జారుతుంది, అద్దం మెకానిజంలోకి కారుతుంది, ఇక ఆ వాసన బండి అమ్మేదాకా పోదు. కొనేముందు చిన్న ముక్కను ఎండలో బండి డ్యాష్‌బోర్డు మీద ఒక రోజు ఉంచి చూడండి. తారు వాసన వేసినా, అంచులు కారినా వదిలేయండి. కంపెనీ తారు ఇన్నేళ్లూ జారకుండా ఉండటానికి కారణం దాన్ని బల్లపరుపు నేల మీద, రాతిపొడి దండిగా కలిపి, ఓవెన్‌లో కాల్చి పెట్టడం. అది ఇంట్లో చేసుకోగలిగేది కాదు.

బోనెట్ కింది ఫెల్ట్ గురించి రెండు ముక్కలు. పత్తి, మిర్చి నిల్వలుండే ఇళ్ల దగ్గర ఎలుకలు దాన్నే గూడు చేసుకుంటాయి. చినిగి వేలాడుతుంటే ఇవాళే తీసేయండి. వేడి ఎగ్జాస్టు మీద పడితే నిప్పు రాజుకుంటుంది. కొత్తది వేయించడం మోత కోసం కన్నా బోనెట్ రంగు మాడకుండా ఉండటానికి.

బరువు సంగతి షాపులో ఎవరూ ఎత్తరు. రెండు మిల్లీమీటర్ల బ్యూటైల్ చదరపు మీటరుకు మూడు కిలోల పైచిలుకు తూగుతుంది. శబ్దాన్ని అడ్డుకునే బరువైన వినైల్ పొర దాదాపు ఐదు కిలోలు. నేల, తలుపులు, కప్పు, డిక్కీ అన్నిటికీ రెండూ వేస్తే చిన్న కారులోనూ నలభై కిలోలు సులువుగా దాటుతుంది. మారుతి 800 బరువే 650 కిలోల దగ్గర. నలుగురు ఎక్కి, ఏసీ వేసి కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కించినప్పుడు ఆ నలభై కిలోలు ఏంటో తెలుస్తాయి. ఇంత చేసినా ఫలితం ఎంత? రేకు బరువును రెట్టింపు చేస్తే సిద్ధాంతం ప్రకారం వచ్చే లాభం 6 డెసిబెల్స్. చెవికి మోత సగమైనట్టు అనిపించాలంటే 10 తగ్గాలి. ‘యాభై శాతం మోత తగ్గుతుంది’ అని ఎవరైనా కాగితం మీద రాసిస్తే, దేంట్లో యాభై అని అడగండి.

ఏ బండికి ఏం చేయాలన్నది ఒకేలా ఉండదు. 1983 డిసెంబరులో వచ్చి 2014లో ఆగిపోయిన మారుతి 800కు మౌంటింగులు, బీడింగులు, పొడి ఫెల్ట్, తలుపులకు రెండేసి ముక్కల బ్యూటైల్ చాలు. అంతకు మించితే బండి వెలకన్నా దాని లోపలి సరుకు ఎక్కువవుతుంది. ఓమ్నీలో ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది, కాబట్టి అక్కడ లెక్క తారుమారు. సీటు కింది మూత చుట్టూ రబ్బరు, మూత లోపలి వైపు వేడికి తట్టుకునే పొర, దాని మీద బరువైన పొర వేస్తేనే ఫలితం. మిగతా బండికి ఎంత వేసినా అనవసరం. క్వాలిస్, సుమో, బొలేరో లాంటి డీజిల్ బండ్లలో ఫైర్‌వాల్, గేరు టన్నెల్ మీద ఖర్చుపెట్టిన రూపాయి నిజంగా పనిచేస్తుంది. షాపాయన మాటలో పావు వంతు ఇక్కడ వసూలవుతుంది.

అంబాసిడర్ వేరే కథ. 1956 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ను తెచ్చి, 1957 నుంచి 2014 మే దాకా బెంగాల్‌లోని ఉత్తరపారాలో చేసిన బండి అది. మందపాటి రేకు కాబట్టి చిన్న కార్ల రేకులా మోగదు. దాని మోత ఇంజిన్‌ది, ముఖ్యంగా 1,489 సీసీ డీజిల్‌ది. ఇప్పుడు దాన్ని ఉంచుకున్నవాళ్లు చాలామంది రోజువారీ ప్రయాణానికి ఉంచుకోలేదు. నిలబెట్టుకోవాలనే ఉద్దేశం ఉంటే అసలు పొరల్ని వీలైనంత అలాగే ఉంచి, ఫెల్ట్‌ను మాత్రం అదే రకం జనపనారతో మార్చడం మేలు. నేలరేకు తుప్పుకు తీసుకోవాల్సిన జాగ్రత్త ఎలాగూ ఉంది. అంబాసిడర్‌ను బెంజి చేయబోతే అంబాసిడరూ మిగలదు.

ఏం చేసినా ముందూ వెనకా కొలిచి చూడండి. ఫోనులో డెసిబెల్ యాప్ చెప్పే అంకె కచ్చితం కాకపోవచ్చు గానీ, అదే ఫోను, అదే చోట, అదే రోడ్డు ముక్క, అదే వేగం, అదే గేరు, అద్దాలు మూసి, ఏసీ బ్లోయర్ ఆపి కొలిస్తే తేడా తెలుస్తుంది. ఆ యాప్‌లు మామూలుగా వాడే కొలత సన్నటి మోతకు ఎక్కువ, గుయ్‌మనే లోతు మోతకు తక్కువ మార్కులు వేస్తుంది. కాబట్టి మౌంటింగులు మార్చిన ఫలితం అంకెలో పెద్దగా కనిపించకపోయినా కంగారుపడకండి. గేరు న్యూట్రల్‌లో వేసి, నున్నటి రోడ్డు మీద బండిని దొర్లనివ్వండి. అప్పుడూ హోరు ఉంటే అది టైరుదో బేరింగుదో. బండిని నిలబెట్టి ఇంజిన్ రేజ్ చేస్తే వచ్చేది ఇంజిన్‌ది, సైలెన్సర్‌ది. ఈ రెండు పరీక్షలకు ఖర్చు లేదు, ఏ షాపులోనూ ఎవరూ చేయించరు.

కరుచుకుని ఉన్న తారు పలకను పీకించవద్దు, తడిసిన ఫెల్ట్‌ను ఉంచవద్దు, కొత్త షీట్లు వేయిస్తే మౌంటింగులూ బీడింగులూ బుష్‌లూ మార్చాకే, అదీ పావు వంతు మేరకే. టింకరింగ్‌కు బండి ఇచ్చేటప్పుడు మేస్త్రికి ముందే చెప్పండి: మ్యాటింగ్ లేపాక నేలరేకు ఫొటోలు పంపాలి, మీరు చూసి సరే అనేదాకా ఉలి ముట్టుకోకూడదు.